వినబడు ఆకాశము

బర్కత్‌పురలో గాని, చిక్కడపల్లిలో గాని, అశోక్‌నగరులో గాని రాత్రి భోజనమైన పిమ్మట మేడ మీదికి పోయి తల యెత్తి చూచువారికి నేడెన్ని నక్షత్రములు కనబడును? వెన్నెల లేని రాత్రి సైతము వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే. వీథి దీపముల కాంతి, అంగళ్ళ కాంతి, వాహనముల కాంతి, వాటిపై తేలాడు దుమ్ము, ఇవి యన్నియు కలిసి ఆకాశమునకు బూడిదరంగు తెర కట్టినవి. పాలపుంతను పుస్తకములో చూచుటయే గాని కన్నులార చూచి యెరుగని బాలబాలికలు మన యిండ్లలో పెరుగుచున్నారు. వారికి ఖగోళశాస్త్రము నేర్పుటెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము కొంత ఈ నగరపు చరిత్రలో నున్నది. తక్కినది మన యిండ్లలోని రేడియో పెట్టె చరిత్రలో నున్నది. ఆ రెండు చరిత్రలను కలిపి చెప్పుట ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

హైదరాబాదునకు ఆకాశముతో గల చెలిమి నిన్న మొన్నటిది కాదు. 1901లో నవాబు జఫర్ జంగు అను ప్రభువు గ్రబ్ సంస్థవారు నిర్మించిన 15 అంగుళముల దూరదర్శిని నొకదానిని ఇంగ్లండులో కొని తెప్పించి, ఫీసల్‌బండలోని తన యెస్టేటులో వేధశాలను నెలకొల్పెను. నాటి నిజాము పేర దానికి నిజామియా వేధశాల యని పేరు పెట్టిరి. జఫర్ జంగు 1907లో మరణింపగా, మరుసటి సంవత్సరము ప్రభుత్వము దానిని స్వీకరించినది. పిదప వేధశాల బేగంపేటకు మారినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసిన తరువాత, 1919లో వేధశాల దాని యధీనమైనది.

ఆ దినములలో ప్రపంచమునందలి పెక్కు వేధశాలలవారు ఆకాశమును పట్టీలుగా పంచుకొని, ఛాయాచిత్రములు తీసి, నక్షత్రముల జాబితా నొకదానిని సిద్ధము చేయ బూనిరి. దక్షిణమున 17 డిగ్రీలు మొదలు 23 డిగ్రీల వరకు గల పట్టీ మొదట చిలీ దేశమునందలి శాంటియాగో వేధశాల వంతు. అది పిదప హైదరాబాదు వంతునకు వచ్చినది. చాట్‌వుడ్ దొర ఆరంభించిన యీ పనిని పోకాక్ దొర సాగించెను. 1918లో బాధ్యత స్వీకరించిన టి. పి. భాస్కరన్ గారు దీర్ఘకాలము నడిపిరి. ఉత్తరమున 36 మొదలు 39 డిగ్రీల వరకు గల మరియొక పట్టీ కూడ హైదరాబాదువారే చేపట్టిరి. గాజు పలకలపై పడిన చుక్కలను ఒక్కొక్కదానిని కొలిచి, లెక్క కట్టి, ఏడున్నర లక్షలకు పైబడిన నక్షత్రముల స్థానములను 12 సంపుటములలో ప్రకటించిరి. పేరు ప్రతిష్ఠలు తెచ్చు పని కాదది. ఓపికతో చేయవలసిన పని.

అయినను వేధశాల యొక్క మేలైన పంట ఆ సంపుటములు మాత్రమే కావని మేము తలచుచున్నాము. ఆ వేధశాలలో పనిచేయుచుండిన ఒక ఉద్యోగి కుమారుడు చిన్ననాటినుండి ఆ పరికరముల నడుమ పెరిగెను. అతడు నిజాం కళాశాలలో చదివెను. చదువుకొను దినములలోనే, వెలుగు హెచ్చుచు తగ్గుచునుండు నక్షత్రములను పరిశీలించి వ్యాసములు ప్రకటించెను. హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థి వేతనముతో అమెరికాలోని హార్వర్డునకు పోయి, 1949లో తోడివారిద్దరితో గూడ తన పేరు పెట్టబడిన తోకచుక్కను కనుగొనెను. ఆయనయే వైను బప్పు. 1960లో కోడైకెనాల్ వేధశాలకు అధిపతియై, 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు అధ్యక్షుడైన శాస్త్రజ్ఞుడు. అట్టివాని తొలి విద్యకు ఆధారమేమి? తన చేతితో త్రిప్పి, తన కంటితో చూచి, తాను కొలిచినది సరియో కాదో తానే పరీక్షించుకొనుటకు వీలుగా ఒక పరికరము ఇంటికి చేరువలో నుండుటయే. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనగలరు. మేము చెప్పబోవు దానికి ఇదియే పునాది.

కాలము మారినది. 1959లో ఉస్మానియాలో ఖగోళశాస్త్ర శాఖ యేర్పడినది. 1964లో విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘమువారు దానిని ఉన్నతాధ్యయన కేంద్రముగా గుర్తించిరి. కాని బేగంపేట ఒకనాటి పల్లెపట్టు కాదు. చుట్టును దీపములు మూగినవి. అందువలన అక్బర్ అలీ గారి కాలమున తలపెట్టబడిన 48 అంగుళముల దూరదర్శినిని నగరమునకు సుమారు 55 కిలోమీటర్ల దూరమున, జపాల్, రంగాపురము అను గ్రామముల నడుమ, ఆచార్య కె. డి. అభ్యంకర్ గారి కాలమున 1968లో ప్రతిష్ఠించిరి. శాస్త్రమునకది మేలే. కాని ఆకాశమును కొలుచు స్థలము విద్యార్థి యింటినుండి దూరమైనది. సాయంకాలము కళాశాల వదలిన పిల్లవాడు సైకిలుపై పోయి రాగల చోటు కాదది.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు దారి సరిగా ఆ రంగాపురము మీదుగా పోయినది. ఆనాడు మన నగరములో అనేకులు తలుపులు బిగించుకొని యింటనే కూర్చుండిరి, వీథులు నిర్మానుష్యములైనవి. రంగాపురమునందో, దేశదేశముల శాస్త్రజ్ఞులు తమ పరికరములను సూర్యుని వైపు త్రిప్పి నిలిచిరి. వానిలో కన్ను పెట్టి చూచుటకు వీలులేని పరికర మొకటి యుండినది: 10 అడుగుల లోహపు పళ్ళెము గల రేడియో దూరదర్శిని. చంద్రుడు సూర్యబింబమును కొంచెము కొంచెముగా కప్పుచుండగా, సూర్యునినుండి వచ్చు రేడియో తరంగముల బలము ఎట్లు తగ్గుచున్నదో అట్టి పరికరము గీతగా గీయును. పళ్ళెము చిన్నదైనచో దాని చూపు మొద్దు. సూర్యునిలో ఏ భాగమునుండి ఎంత వచ్చుచున్నదో విడదీసి చెప్పలేదు. ఆ లోపమును చంద్రుని అంచు కత్తివలె పనిచేసి తీర్చును. మరియొక వింత యేమనగా, సూర్యబింబము పూర్తిగా మరుగైనను రేడియో తరంగములు పూర్తిగా ఆగిపోవు. కంటికి గోచరించు సూర్యునికంటె రేడియోకు గోచరించు సూర్యుడు పెద్దవాడు. తలుపు మూసికొన్న వారికిని, పళ్ళెము త్రిప్పిన వారికిని ఆనాటి గ్రహణ మొక్కటియే. ఒకరికి భయము మిగిలినది, మరియొకరికి కొలత మిగిలినది.

రేడియో దూరదర్శిని యను మాట వచ్చినది గనుక దాని పుట్టుకను చెప్పవలెను. ఈ కథ మా వృత్తికి సంబంధించినదే. ప్రసారోద్యోగులమగు మాకు గరగర పరమశత్రువు. దానిని వదలించుకొనుటకు ఇంజనీర్లు పడు పాట్లు అన్నియిన్ని కావు. 1930 ప్రాంతమున అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలవారు సముద్రము మీదుగా రేడియో టెలిఫోను నడుపుచు, మాటల నడుమ వచ్చు గరగర ఎక్కడిదో కనుగొనుమని కార్ల్ జాన్‌స్కీ అను యువకునకు పని యొప్పగించిరి. అతడు సుమారు 100 అడుగుల పొడవుగల ఏరియల్‌ను పాత ఫోర్డు కారు చక్రములపై నిలిపి, గుండ్రముగా తిరుగునట్లు చేసి, నెలల తరబడి వినెను. దగ్గరి ఉరుములు, దూరపు ఉరుములు తెలిసినవి. అవి పోగా సన్నని హోరు ఒకటి మిగిలినది. మొదట అది సూర్యునితో కూడ తిరుగుచున్నట్లు తోచినది. కాని దినదినమునకు అది నాలుగు నిమిషములు ముందుగా వచ్చుచుండెను. అనగా 24 గంటలకు గాక 23 గంటల 56 నిమిషములకు ఒకసారి. మన సిద్ధాంత గ్రంథములలో సావన దినము వేరు, నాక్షత్ర దినము వేరు అని చెప్పుట పంచాంగము చూచువారికి తెలియును. జాన్‌స్కీ విన్న హోరు నాక్షత్ర దినమును పాటించుచుండెను. కనుక అది భూమిది కాదు, సూర్యునిది కాదు. ధనూరాశి దిక్కున, పాలపుంత నడిబొడ్డునుండి వచ్చునది. 1933లో ఈ సంగతి వెల్లడియైనది. ఆ మే నెలలో అమెరికా రేడియోవారు ఆ హోరును తమ శ్రోతలకు వినిపించిరి కూడ. గరగరను కోరి ప్రసారము చేసిన సందర్భము మా వృత్తిలో బహుశః అదియొక్కటియే యైయుండును.

పండితులు దానిని అంతగా పట్టించుకొనలేదు. పట్టించుకొన్నవాడు గ్రోట్ రీబర్ అను రేడియో ఇంజనీరు. 1937లో షికాగో సమీపమున వీటన్ అను ఊరిలో, తన యింటి ఆవరణలో, తన సొంత ధనముతో 31 అడుగుల పళ్ళెమును నిర్మించెను. రెండు పర్యాయములు వేర్వేరు పౌనఃపున్యములలో యత్నించి విఫలుడై, మూడవ పర్యాయము ఫలితమును సాధించెను. పగలు మోటారు కార్ల నిప్పురవ్వల గోల యెక్కువ గనుక రాత్రివేళ కొలిచెడివాడు. సుమారు పది సంవత్సరముల పాటు ప్రపంచమున రేడియో ఖగోళశాస్త్రజ్ఞుడన్న పేరు చెల్లినది ఆ యొక్కనికే యనవచ్చును.

పిదప 1944లో జర్మనుల యాక్రమణలో నున్న హాలండు దేశమున, వాన్ డి హల్స్ట్ అను విద్యార్థి కాగితముపై లెక్క వేసి, అంతరిక్షమునందలి ఉదజని వాయువు 21 సెంటీమీటర్ల తరంగమును వెలువరించవలెనని చెప్పెను. 1951 మార్చి 25న హార్వర్డులో మరియొక విద్యార్థి, హెరాల్డ్ యూవెన్, దానిని పట్టెను. ఆచార్యుడు పర్సెల్ ఆయనకు మార్గదర్శి. వారి పరికరము ఏ మహాసౌధమందును లేదు. ప్లైవుడ్డు పలకలకు లోపల రాగి రేకు తొడిగిన గరాటు వంటి కొమ్ము నొకదానిని ప్రయోగశాల కిటికీలోనుండి బయటికి పెట్టిరి. వాన కురిసిన నీరు గరాటు వెంట గదిలోనికి వచ్చెడిది. శీతకాలమున పిల్లలు దానిలోనికి మంచు ముద్దలు విసరెడివారు. విశ్వమున మిక్కుటముగా నున్న మూలకము యొక్క వాణి మొట్టమొదట వినబడినది ఆ గరాటులోనుండియే. ఊహించినవాడును విద్యార్థియే, పట్టినవాడును విద్యార్థియే.

మన దేశమునను ఇట్లే జరిగినది. ఆచార్య గోవింద్ స్వరూప్ ఆస్ట్రేలియాలో పనిచేసిన కాలమున, అక్కడ వాడుక తీరిన 6 అడుగుల పళ్ళెములు 32 భారతదేశమునకు కానుకగా లభించునట్లు చేసెను. వానిని 1965లో బొంబాయి సమీపమున కళ్యాణ్‌లో నిలిపి సూర్యుని పరిశీలించిరి. ఆ చిన్న పళ్ళెములతో చేయి తిరిగినవారే 1970 నాటికి ఊటీ కొండవాలుపై 530 మీటర్ల పొడవు గల మహాయంత్రమును నిర్మించిరి. రేడియో మూలములను చంద్రుని అంచు కప్పు క్షణమును పట్టి వాని రూపమును కొలుచుట దాని తొలి పనులలో నొకటి. రంగాపురమున గ్రహణమునకు పనికి వచ్చు సూత్రమే యిది. తరువాత పుణే జిల్లాలో 45 మీటర్ల పళ్ళెములు 30 గల మహాదూరదర్శిని వెలసినది. మన హిందూపురమునకు ఇరుగైన గౌరీబిదనూరులో 34.5 మెగాహెర్ట్జ్ వద్ద ఆకాశమును విను ఏరియల్ తోట యొకటి 1970 దశకముననే మొలచినది. గొప్పవాని వెనుక చిన్నవి యున్నవన్న మాట.

ఈ చిన్న పరికరములతో విద్య గరపు ప్రయత్నము గూడ కొత్తది కాదు. 1990 దశకము చివర అమెరికాలోని హేస్టాక్ వేధశాలవారు ఏడున్నర అడుగుల పళ్ళెముతో ‘చిన్న రేడియో దూరదర్శిని’ నొకదానిని కళాశాలల కొరకు రూపొందించిరి. 1998లో అక్కడి అంతరిక్ష సంస్థ పూనికతో, బృహస్పతి గ్రహము వెలువరించు హోరును షార్టువేవులో వినుటకు పాఠశాలల పిల్లలే తీగలతో ఏరియల్ కట్టుకొను పథకము వచ్చినది. బృహస్పతి హోరు బయటపడిన తీరు గూడ పిల్లలకు చెప్పదగినదే. 1955లో బర్క్, ఫ్రాంక్లిన్ అను ఇద్దరు దానిని పట్టి, మొదట ఎవరిదో మోటారు కారు గోలయని తలచిరి. దినములు గడచిన కొలది అది నక్షత్రముల గడియారమును అనుసరించుట చూచి నిజము గ్రహించిరి.

ఇక మన మేడలపైకి వత్తము. టెలివిజన్ కొరకు బిగించిన పళ్ళెములు బర్కత్‌పుర మేడలపై కోకొల్లలు. అవి యన్నియు దక్షిణముగా ఆకాశమును చూచుచుండును. మార్చి రెండవ వారమునను, మరల సెప్టెంబరు చివర అక్టోబరు మొదటను, మధ్యాహ్నపు వేళ కొన్ని నిమిషములు బొమ్మ చెదరుట మీరు గమనించియుందురు. సూర్యుడు సరిగా ఉపగ్రహము వెనుకకు వచ్చి, తన రేడియో హోరుతో దాని మాటను ముంచివేయుటయే కారణము. అనగా ఆ కొద్ది నిమిషములు మీ పళ్ళెము రేడియో దూరదర్శినియైనది.

ఉపయోగము తీరిన అట్టి పళ్ళెమునొకదానిని దింపి, డిష్షు బిగించువారు వాడు ‘ఫైండరు’ అను చిన్న ముల్లు మీటరును తగిలించినచో ప్రయోగశాల సిద్ధము. ఖాళీ ఆకాశము వైపు త్రిప్పిన ముల్లు దిగును; ఎదురింటి గోడ వైపు త్రిప్పిన లేచును; మూతికి అరచేయి అడ్డము పెట్టినను లేచును. వేడిగల ప్రతి వస్తువును, మన దేహము సైతము, రేడియో తరంగములను వెలువరించునన్న సత్యము పుస్తకములో పేరాగా గాక ముల్లు కదలికగా తెలియును. తరువాత పళ్ళెమును సూర్యుడు రాబోవు చోట నిలిపి కదల్చక విడిచిన, ముల్లు మెల్లగా లేచి, శిఖరమందుకొని, మెల్లగా దిగును. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును. రెండడుగుల పళ్ళెము చూపు వెడల్పు సుమారు రెండున్నర డిగ్రీలు. కనుక ఈ లేచి దిగుటకు పట్టు కాలము పది నిమిషములు దాటి యుండును. ఆ కాలమును గడియారముతో కొలిచిన పిల్లకు పళ్ళెము చూపు తెలియును, భూభ్రమణమును తెలియును.

పై తరగతి విద్యార్థులకు ఉదజని యున్నది. అట్టకు గాని థర్మకోలు పలకలకు గాని అల్యూమినియం రేకు అంటించి గరాటు చేసి, ఒక డబ్బాలో వ్రేలెడంత తీగను నిలిపి, బలవర్ధకమును, కంప్యూటరుకు తగిలించు చిన్న రిసీవరును చేర్చిన, 1951లో హార్వర్డు కిటికీలో నిలిచినదాని మనుమరాలు తయారగును. గరాటును పాలపుంత దిక్కునకు త్రిప్పి కొన్ని నిమిషముల హోరును సగటు చేసిన, 1420 మెగాహెర్ట్జ్ చెంత గీతలో చిన్న గూని లేచును. కంటికి ఒక్క నక్షత్రమైనను కనబడని నగరములో, మబ్బు పట్టిన పగటివేళ సైతము ఆ గూని లేచును. హైదరాబాదు అక్షాంశమున పాలపుంత నడిబొడ్డు దక్షిణమున సుమారు 44 డిగ్రీల యెత్తునకు వచ్చును. ఆకాశము కొంత తెరపిగా నున్న మేడ చాలును.

ఆ గూని ఒక్కచోట నిలువదు. వాయువు మన వైపు వచ్చుచున్నచో ఒక ప్రక్కకు, మననుండి పోవుచున్నచో మరియొక ప్రక్కకు జరుగును. సెకనుకు ఒక కిలోమీటరు వేగమునకు ఇంచుమించు 4.7 కిలోహెర్ట్జ్ వంతున. దీనినుండి పాలపుంత చేతులు తిరుగు వేగమును లెక్కింపవచ్చును. అంతకంటె మాకు ముచ్చట గొలుపు ప్రయోగ మొకటి యున్నది. రాశిచక్రమునకు చేరువ నున్న ఒకే చోటును ఆరు మాసముల యెడముతో రెండుసార్లు కొలిచినచో గూని స్థానము మారియుండును. ఆకాశము మారలేదు, మారినది మన నేల. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల వేగముతో సూర్యుని చుట్టు పోవుచు, ఒకప్పుడు ఆ దిక్కునకు, ఆరు నెలలకు దానికి ఎదురు దిక్కునకు పరుగెత్తుచున్నది. భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదని మనమందరము బడిలో వల్లించిన వారమే. దానిని స్వయముగా రుజువు చేసినవారు మనలో ఎందరు? అట్టపెట్టెతో చేసిన గరాటుతో ఒక ఇంటర్మీడియెట్ విద్యార్థిని తన మేడపై దానిని రుజువు చేయగలదు.

కష్టములు లేకపోలేదు. సెల్‌ఫోను స్తంభములు, చవుక బల్బులు, చార్జరులు అన్నియు రేడియో గోల చేయునవే. అయితే 1400 మొదలు 1427 మెగాహెర్ట్జ్ వరకు ఎవ్వరును ప్రసారము చేయరాదని అంతర్జాతీయ నిబంధన యున్నది. రద్దీ బజారు నడుమ గుడి ముందు వదలిన వాకిలి వంటిది ఆ పట్టీ. దాని కిరుప్రక్కల గోలను వడగట్టుటకు ఫిల్టరు కావలెను. అటుపై వచ్చినది ఆకాశముదో పొరుగింటిదో తేల్చుటకు జాన్‌స్కీ పరీక్ష ఉండనే యున్నది. దినదినము నాలుగు నిమిషములు ముందుగా వచ్చినది నక్షత్రలోకముది. గోడ గడియారమును బట్టి వచ్చినది ఇరుగుపొరుగుది. ఈ వివేచన యొక్కటి అలవడినను విద్యార్థి శ్రమ వృథా కాదు.

పెద్ద దూరదర్శినులు తీసిన చక్కని చిత్రములు ఇంటనే కూర్చుండి చూడగల కాలమున అట్టపెట్టెలతో ఆటలేల యని కొందరనవచ్చును. చిత్రము చూచిన పిల్లవానికి ఫలితము తెలియును. ఆ ఫలితము ఎట్లు వచ్చినదో, అందు ఎంత వరకు నమ్మదగునో తెలియదు. అది తెలియనివాడు రేపు ఎవరేమి చెప్పినను నమ్మును. గ్రహణమునాడు తలుపు మూయుమన్న మూయును. కొలుచుట నేర్చినవాడు ఎట్లు తెలిసినదని అడుగును. నిజామియాలో గాజు పలకలపై చుక్కలు కొలిచినవారు ఈ నగరమునకు ఇచ్చిన వారసత్వము ఆ ప్రశ్నయే. అది పుస్తకములవలన నిలువదు, చేతులు మారుచు రావలెను.

1901లో దూరదర్శిని తెప్పించుటకు ఒక నవాబు కావలసి వచ్చెను. నేడు ఒక అధ్యాపకుడు, నలుగురు విద్యార్థులు, తెరపిగల మేడ యొకటి, కొన్ని ఆదివారములు చాలును. నారాయణగూడ, బర్కత్‌పుర ప్రాంతములలో కళాశాలలకు కొదవ లేదు, మేడలకును కొదవ లేదు. ఏ కళాశాలవారైనను పూనుకొన్నచో, మొదట పాత పళ్ళెముతో సూర్యుని కొలిచి, చేయి తిరిగిన పిమ్మట గరాటు చేయుట మంచిది. ప్రతి కొలతకు తేదీ, గంట, నిమిషము వ్రాసి యుంచవలెను. ఆరు నెలల పిమ్మట ఆ నోటు పుస్తకమే వారికి భూమి కదలికను చూపును.